నల్లంచి మగపిట్ట వీపు రంగు: సరిహద్దు జిల్లాల్లో మీరు చూస్తున్నది నలుపా, గోధుమా?

మాణిక్‌గఢ్ బాటసారి (బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి బల్లార్పూర్‌లో స్థిరపడిన కుటుంబం మాది. సెలవు దొరికినప్పుడల్లా మాణిక్‌గఢ్ కోటకు వెళ్ళి పక్షులను చూడడం నాకు అలవాటు. ఆ కోట బురుజుల మీదా, కూలిన గోడల రాళ్ళ మధ్యా తోక నిక్కబొడుచుకుని తిరిగే నల్లంచి (ఇండియన్ రాబిన్) పిట్టలు చాలా ఉన్నాయి. ఇక్కడి మరాఠీ మిత్రులు దానిని చిరక్ అంటారు.

నా సందేహం మగపిట్ట గురించి. కోట దగ్గర నేను చూస్తున్న మగపిట్టలకు గొంతు, రొమ్ము, పొట్ట నిగనిగలాడే నలుపే గాని, నడినెత్తి నుంచి తోక మొదలు దాకా వీపంతా ముదురు గోధుమ రంగులో ఉంటున్నది. జగిత్యాల దగ్గర మా మేనత్త గారి ఊళ్ళో బండల మీద చూసిన మగపిట్టలు మాత్రం పైనా కిందా నలుపే. భుజం మీద తెల్లని పట్టీ, తోక కింద ఇటుక రంగు తప్ప వేరే రంగు కనబడదు. ఇది వయసు వల్ల వచ్చే తేడానా, ఎండ పడే తీరు వల్ల కలిగే భ్రమా, లేక ఇవి రెండు వేరు వేరు రకాలా? రెండు చోట్ల తీసిన ఫొటోలను జతచేశాను, చూసి చెప్పగలరు.

గుణుపురం మాస్టారు (గుణుపురం, రాయగడ జిల్లా)

బాటసారి గారూ, మీ ఫొటోలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. మీరు చూసినది భ్రమ కాదు, వయసు తేడా కూడా కాదు. నల్లంచి దేశమంతటా ఒకే జాతి అయినా, ఉత్తరాదిలో మగపిట్టకు వీపు గోధుమ రంగులోనూ, దక్షిణాదిలో నలుపులోనూ ఉంటుంది. ఉత్తరాది పిట్టలు పరిమాణంలో కూడా కొంచెం పెద్దవి. ఈ రెండు రూపాలూ ఒకదానిలోకి ఒకటి మారే మధ్య పట్టీలోనే మీ చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలూ మా రాయగడ, గజపతి జిల్లాలూ ఉన్నాయి. అందుకే మీ ప్రశ్న ఢిల్లీలో ఉన్నవారికో మధురైలో ఉన్నవారికో పుట్టదు; మనకే పుడుతుంది.

దీని వెనుక చరిత్ర కొంత చెప్పాలి. 1760లో బ్రిసాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పిట్టను మొదటిసారి వర్ణించినప్పుడు, తన చేతికి వచ్చిన నమూనా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిందని అనుకున్నాడు. ఆ వర్ణన ఆధారంగా 1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఫిలిప్పీన్స్‌లో ఈ పిట్ట లేనే లేదు కాబట్టి, తరువాతి వారు ఆ చిరునామాను పుదుచ్చేరిగా సవరించారు. ఈ సవరణ మన చర్చకు ఎందుకు ముఖ్యమంటే, జాతికి మూలరూపంగా నిలిచింది దక్షిణాది నల్లవీపు పిట్ట అని దానితో తేలిపోయింది. ఉత్తరాది గోధుమవీపు రూపాన్ని 1790లో లేథమ్ గుజరాత్‌లోని ఖంభాత్ పేరు మీద వేరుగా నమోదు చేశాడు. ఈ రెండింటికీ మధ్య రంగుతో ఉన్న దక్కను పిట్టలను విస్లర్, కినియర్ 1932లో ప్రత్యేక ఉపజాతిగా గుర్తించి, మధ్యస్థం అనే అర్థం వచ్చే ‘ఇంటర్మీడియస్’ పేరు పెట్టారు. తూర్పు కనుమలలో జరిగిన వెర్నే సర్వేలో సేకరించిన పక్షులను ఆ రోజుల్లో పరిశీలించి రాసినది వీరిద్దరే. వీటికి తోడు ఈశాన్యాన ఒక రూపం, శ్రీలంకలో ఒక రూపం కలిపి మొత్తం అయిదు ఉపజాతులుగా లెక్కిస్తున్నారు.

ఈ ఉపజాతుల మధ్య ఫలానా ఊరితో ఒకటి ఆగి, పక్క ఊరితో ఇంకొకటి మొదలవుతుందనే గీత ఏదీ లేదు. ఒకే గుట్ట మీద ఒక మగపిట్టకు వీపు బాగా ముదురుగా, పక్క గుట్ట మీది దానికి కొంచెం లేతగా ఉండవచ్చు. మన జిల్లాల నుంచి వీపు స్పష్టంగా కనబడే ఫొటోలు చోటు పేరుతో సహా చేరితే, ఈ మార్పు ఏ వైపు ఎంత తొందరగా జరుగుతున్నదో కళ్ళారా చూడవచ్చు. ఎప్పుడూ కనబడే పిట్టే కదా అని కెమెరా దించేసేవారికి నా మనవి ఇదే: మన ప్రాంతంలో నల్లంచిని దాటి వెళ్ళిపోకండి.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

మాస్టారు గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త జోడించాలనుకుంటున్నాను. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి ఎగువన రాతి గట్ల మీద నేను రోజూ ఈ పిట్టలను చూస్తాను. పొద్దున ఏటవాలుగా వచ్చే ఎండలో మగపిట్ట ఈకలకు నీలి మెరుపు వస్తుంది. అప్పుడు వీపు ఎంత గోధుమగా ఉన్నా నల్లగానే అనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఎండ పడితే నల్లవీపు కూడా వెలిసినట్టు కనబడుతుంది. అందుచేత రంగును నిర్ణయించాలంటే మబ్బు పట్టినప్పుడో, పిట్ట నీడలో ఉన్నప్పుడో తీసిన ఫొటోనే నమ్మాలి.

భుజం మీది తెల్లపట్టీ విషయం కూడా అలాంటిదే. రెక్క దగ్గరకు ముడుచుకుని కూర్చున్నప్పుడు ఆ తెలుపు సన్నని గీతగా మిగులుతుంది, ఒక్కోసారి పూర్తిగా దాగిపోతుంది. ఎగిరినప్పుడో, ఇంకొక మగపిట్ట ఎదుట పడినప్పుడో వెడల్పుగా బయటపడుతుంది. దీనిని చూసి తెల్లపట్టీ లేని నల్లంచి వేరే రకమని మా మిత్రులలో కొందరు వాదిస్తున్నారు.

నా ప్రశ్న ఆడపిట్ట గురించి. పాత రాతి కట్టడాల దగ్గర కనబడే ఆడ నల్లంచికీ, గోధుమ రంగు రాక్ చాట్ అనే పక్షికీ తేడా ఎలా పట్టుకోవాలి? రెండూ బండల మీదనే, రెండూ గోధుమ రంగే.

మాణిక్‌గఢ్ బాటసారి

సిరోంచ సోదరుడు అడిగినది నేను కూడా అడగాలనుకున్న ప్రశ్నే. కోటకు వచ్చే ఫొటోగ్రాఫర్లలో ఒకరు మా ఆడ నల్లంచిని రాక్ చాట్ అని గట్టిగా చెప్పి వెళ్ళారు.

జయపురం రాళ్ళ దారి (జయపురం, కొరాపుట్ జిల్లా)

ఈ తేడాను తోక దగ్గర మొదలుపెట్టి చూడండి. ఆడ నల్లంచికి పైభాగం గోధుమ, కిందిభాగం బూడిద కలిసిన గోధుమ, భుజం మీద తెలుపు ఉండదు. కాని తోక మొదట్లో కిందివైపు మగపిట్టకు ఉన్నట్టే ఇటుక ఎరుపు ఉంటుంది, కాకపోతే కొంచెం లేతగా. తోకను అది తరచుగా వీపు మీదికి వంగేంత నిటారుగా ఎత్తుతుంది కాబట్టి ఆ ఎరుపు దాదాపు ప్రతిసారీ కనబడుతుంది. రాక్ చాట్‌కు ఆ ఎరుపు మచ్చ ఉండదు. దాని కిందిభాగమంతా ఒకే తీరుగా, కొంచెం కాషాయపు ఛాయ కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, తోక మాత్రం ముదురు. అన్నిటికంటే సులువైన గుర్తు జంటను చూడడం: రాక్ చాట్‌లో ఆడా మగా ఒకేలా ఉంటాయి. మీ కోటలో గోధుమ పిట్ట పక్కన నల్లపిట్ట తిరుగుతుంటే, ఇంక సందేహపడవలసిన పని లేదు.

రాక్ చాట్ ప్రధానంగా ఉత్తర, మధ్య భారతాల పక్షి. పాత కోటలు, దర్గాలు, రాతి గుట్టలు దానికి ఇష్టమైన చోట్లు. విదర్భలో ఉన్నవారు దానిని కొట్టిపారేయకుండా వెతకవలసిందే గాని, తోక కింది భాగం చూడకుండా నిర్ణయించరాదు.

చలికాలంలో ఇంకొక రెండు పక్షులు గందరగోళపెడతాయి. మొదటిది బ్లాక్ రెడ్‌స్టార్ట్ ఆడపిట్ట. దాని తోక మొత్తం ఎర్రగా ఉండి, కూర్చున్న చోటనే వణుకుతున్నట్టు కదులుతూ ఉంటుంది. రెండవది హిమాలయాల వైపు నుంచి వచ్చి చలికాలమంతా మన బండల మీద గడిపే బ్లూ రాక్ థ్రష్. ఇది నల్లంచి కంటే బాగా పెద్దది, ముక్కు పొడుగు, ఆడపిట్టకు కిందంతా పొలుసుల వంటి చారలు ఉంటాయి. ఇక ఏడాది పొడుగునా కనబడే కంప నల్లంచి (పైడ్ బుష్‌చాట్) అనే వేరే పక్షి సంగతికి వస్తే, దాని ఆడపిట్ట నడుము దగ్గర తుప్పు రంగు ఉంటుంది గాని, అది చిన్నది, తోక పొట్టి, బండల కంటే కంపల మీదనే ఎక్కువగా కూర్చుంటుంది.

వంశధార వనజ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నాది కొంచెం తొందర పని. మేము ఇల్లు కట్టుకోవడానికి తోలించిన పునాది రాయి పెరటిలో కుప్పగా ఉంది. ఆ కుప్పలో, మోకాటి ఎత్తున రెండు రాళ్ళ మధ్య సందులో నల్లంచి గూడు పెట్టింది. ఆడపిట్ట లేని సమయంలో ఒక్కసారి సెల్‌ఫోన్ వెలుగులో చూశాను. గడ్డి, సన్నని వేర్లతో అల్లిన దొప్ప. లోపల మేక వెంట్రుకలు మెత్తగా పరిచి ఉన్నాయి, అంచున పాము కుబుసం ముక్క ఒకటి చుట్టి ఉంది. పాలమీగడ రంగు మీద ఎర్రని సన్నని చుక్కలున్న మూడు గుడ్లు ఉన్నాయి. కుబుసం చూసి మా అత్తగారు భయపడి, పాము తిరుగుతున్నదని కుప్ప వెంటనే తీయించమంటున్నారు. మేస్త్రీ కూడా పని మొదలుపెడతానని వచ్చి కూర్చున్నాడు. గూటిని జాగ్రత్తగా తీసి పక్క గోడ మీద పెడితే పిట్ట వస్తుందా?

గుణుపురం మాస్టారు

వనజ గారూ, గూటిని కదపకండి. చోటు మారిన గూటికి తల్లి తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. వచ్చినా, సందులో దాగి ఉన్న గూడు గోడ మీద బయటపడితే కాకులు ఒక్క పూటలో ఖాళీ చేస్తాయి. ఈ పిట్ట రాళ్ళ సందు ఎంచుకునేదే ఆ మరుగు కోసం.

కుబుసం గురించి మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. నల్లంచి ఎక్కడో దొరికిన కుబుసం ముక్కను ఏరుకొచ్చి గూటిలో పెట్టుకోవడం ఈ జాతిలో తరచుగా కనబడే అలవాటు. అది ఉన్నంత మాత్రాన ఆ కుప్పలో పాము ఉన్నట్టు కాదు. రాళ్ళ కుప్ప కాబట్టి మామూలుగా తీసుకోవలసిన జాగ్రత్త ఎలాగూ తీసుకోండి.

ఇక గడువు విషయం. పొదిగేది ఆడపిట్ట ఒక్కటే, పది నుంచి పన్నెండు రోజులలో పిల్లలు అవుతాయి. ఆ తరువాత ఆడా మగా రెండూ మేత తెస్తాయి, పిల్లలు ఎగిరిపోయే దాకా మరికొన్నాళ్ళు ఓపిక పట్టాలి. మేస్త్రీకి పని ఆపమని చెప్పనక్కరలేదు. కుప్పకు గూడు లేని వైపు నుంచి రాయి తీసుకొమ్మని, గూటి చుట్టూ మూడు నాలుగు బారల మేర ముట్టుకోవద్దని చెప్పండి. గుర్తుగా ఒక కర్ర పాతి గుడ్డ కట్టండి, కాని గూటి పక్కనే కాదు, కొంచెం ఎడంగా. మీరు కూడా ఇక వెలుగు వేసి చూడవద్దని నా మనవి. చట్టం మాట కూడా మేస్త్రీ చెవిన వేయవచ్చు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను చెదరగొట్టడం కూడా చేరి ఉన్నాయి.

కొండగట్టు నేస్తం (బరంపురం, గంజాం జిల్లా)

మా వీధిలో ఒక మగ నల్లంచి మోటారు సైకిల్ అద్దం మీద పొద్దస్తమానం పోట్లాడుతున్నది. ముక్కుతో పొడుస్తుంది, కాళ్ళతో తంతుంది, అలసి పక్కన కూర్చుని మళ్ళీ వస్తుంది. అద్దం నిండా గీతలు, రెట్టలు. దానికి దెబ్బ తగులుతుందేమోనని నా బెంగ. ఏమైనా ఉపాయం ఉందా?

జయపురం రాళ్ళ దారి

గూడు కట్టే కాలంలో మగపిట్ట తన హద్దులోకి ఇంకొక మగపిట్టను రానివ్వదు. అద్దంలో తన నీడను చూసి పరాయి పిట్ట అనుకుంటుంది. ఆ పరాయి పిట్ట ఎంత తన్నినా పారిపోదు కాబట్టి పోరు తెగదు. బండి నిలిపినప్పుడు అద్దాలకు గుడ్డ సంచి తొడిగితే ఆ రోజుకే ఆగిపోతుంది. దెబ్బ కంటే, ఆ శ్రమలో మేత తినే వేళ పోగొట్టుకోవడం దానికి ఎక్కువ నష్టం.

ఇంత దగ్గరగా పిట్ట దొరికింది కాబట్టి దాని వీపు రంగు కూడా రాయండి. బరంపురం నుంచి ఇంతవరకు ఎవరూ రాయలేదు.

కొండగట్టు నేస్తం

సంచి తొడిగాను, పోరు ఆగింది. ధన్యవాదాలు. వీపు నల్లగానే ఉంది గాని రొమ్ముకున్న మెరుపు వీపుకు లేదు.

అయితే ఈ చర్చ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది, మనసులో దాచుకోకుండా చెబుతున్నాను. టెక్కలి నుంచి ఇటు గంజాం దాకా గుట్టలకు గుట్టలు గ్రానైటు కోసం, కంకర కోసం కోసుకుపోతున్నారు. చిన్నప్పుడు మేము ఎక్కిన గుట్టలలో కొన్ని ఇప్పుడు నీళ్ళు నిలిచిన గోతులు. ఇలాంటి వేళ పిట్ట వీపు నలుపా గోధుమా అని వాదించుకోవడం కంటే, ఈ పిట్ట అంతరించిపోతున్నదని అర్జీ పెట్టి క్వారీలను ఆపించడం మేలు కాదా?

గుణుపురం మాస్టారు

మీ బాధ నాది కూడా. గుట్ట పోతే దానితో పాటు ఏమేమి పోతాయో మీకంటే తక్కువగా నేను బాధపడడం లేదు. అయినా ఆ అర్జీలో నల్లంచి పేరు రాయవద్దని గట్టిగా చెబుతాను. నల్లంచి అంతరించిపోయే జాతి కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో అది ఆందోళన అవసరం లేని వర్గంలోనే ఉంది. గుట్ట పోయినా ఇళ్ళ ప్రహరీల్లో, పొలం గట్ల మీది రాళ్ళ కుప్పల్లో, మన బండి అద్దాల దగ్గర కూడా బతకగలదు. రాత్రి దీపాల చుట్టూ చేరే పురుగులను చీకటి పడిన తరువాత కూడా పట్టుకు తినే పిట్ట అది. అబద్ధపు ఆధారంతో అర్జీ పెడితే, దానిని పరిశీలించే అధికారి ఒక్క మాటతో తోసిపుచ్చుతాడు. ఆ తరువాత మనం నిజం చెప్పినా వినడు.

రాతి గుట్ట లేనిదే గడవని ప్రాణులు వేరే ఉన్నాయి, అర్జీలో వాటిని చూపించాలి. బండ అరుగుల మీద గుడ్లు పెట్టే కొండ గుడ్లగూబ ఉంది. రాళ్ళూ పొదలూ కలిసిన వాలులలో తిరిగే చుక్కల జిట్టకోడి ఉంది. మనకు దక్షిణాన రాయలసీమ గుట్టలలో ఉండే పసుపు గొంతు పికిలిపిట్ట రాతి కొండలను విడిచి బతకదు, దానిని నిజంగానే ముప్పు ఉన్న జాతిగా గుర్తించారు. మీ గుట్టల మీద వీటిలో ఏవి ఉన్నాయో తేదీ, చోటు, ఫొటోలతో కూడబెట్టండి. గూడు దొరికితే ఇంకా బలమైన ఆధారం.

వీపు రంగు నమోదు చేయడం దానికి అడ్డు కాదు. నల్లంచి కోసం గుట్ట ఎక్కినవాడికే గుడ్లగూబ కూడా కనబడుతుంది.

ప్రాణహిత ఒడ్డు

మాస్టారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. మనం రాసేవన్నీ ఒకే పద్ధతిలో ఉంటే పోల్చడానికి వీలవుతుంది కాబట్టి ఒక సూచన చేస్తున్నాను. పిట్ట వెనుక నుంచి, నీడలో, నెత్తి నుంచి తోక దాకా కనబడేలా ఒక ఫొటో తప్పనిసరిగా ఉండాలి. మగపిట్ట అని రాసే ముందు అది పెద్దదో, ఆ ఏడాది పిల్లో చూసుకోవాలి. పిల్లలు చూడడానికి ఆడపిట్టలాగే ఉంటాయి, గొంతు మీద మచ్చలు కనబడతాయి. నలుపు ఇంకా పూర్తిగా దిగని పిల్ల మగపిట్టను గోధుమవీపు అని రాస్తే లెక్క తప్పుతుంది. చూసిన పక్షులను నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైటులో జాబితా పెట్టేవారు వీపు రంగును వ్యాఖ్యల గడిలో రాసి, ఫొటో కూడా అక్కడే చేర్చితే అది ఈ వేదికకే పరిమితం కాకుండా నిలుస్తుంది. గూటి ఫొటోలు మాత్రం ఎక్కడా పెట్టవద్దు.

మాణిక్‌గఢ్ బాటసారి

మీ అందరి సహాయంతో నా సందేహం తీరింది. ఈ ఆదివారం కోటలో ఆ గోధుమ పిట్టను మళ్ళీ వెతికాను. తోక కింద ఇటుక రంగు ఉంది, పక్కనే మగపిట్ట తోకను నేలకు వాల్చి విప్పి, పక్కకు తిరిగి భుజం తెలుపు చూపిస్తూ దాని చుట్టూ పాడుతూ తిరిగింది. రాక్ చాట్ కాదని ఆ ఫొటోగ్రాఫర్ గారికి కూడా రాశాను. ఆ మగపిట్ట వీపు నీడలో కూడా ముదురు గోధుమే. బల్లార్పూర్‌లో వార్ధా నది ఒడ్డున ఉన్న వాటిని, రాజురా వైపు ఉన్న వాటిని ఇక వరుసగా చూస్తాను. సిరోంచ దాకా మధ్యలో ఉన్న ఊళ్ళ నుంచి, ముఖ్యంగా ఆలాపల్లి, అహేరి నుంచి సభ్యులెవరైనా ఉంటే రాయగలరు. నల్లవీపు ఎక్కడ మొదలవుతున్నదో ఆ దారిలోనే తెలియాలి.

వంశధార వనజ

మేస్త్రీ మంచి మనిషి, రాయి అవతలి వైపు నుంచే తీశాడు. గూడు ఉన్న వైపు ఇంకా అలాగే ఉంది. పిల్లలు అయ్యాయి. వంటింటి కిటికీ నుంచి చూస్తే రెండు పిట్టలూ వంతుల వారీగా మేత తెస్తున్నాయి. ఎక్కువగా మిడతలు, చెదపురుగులు, నిన్న మాత్రం మగపిట్ట చిటికెన వేలంత బల్లిపిల్లను తెచ్చి రాయికేసి కొట్టి మరీ లోపలికి తీసుకుపోయింది.

మాస్టారు అడిగారు కాబట్టి దాని వీపు కూడా గమనించాను. కిటికీ వైపు ఉదయమంతా నీడే. నెత్తి, మెడ వెనుక భాగం నలుపు. వీపు నడుమ నుంచి తోక దాకా నలుపులో గోధుమ కలిసి, మసి పట్టినట్టు ఉంది. రెక్క ఈకల అంచులు ఇంకొంచెం లేత గోధుమ. బరంపురం వారు చెప్పిన పిట్ట కంటే ఇది గోధుమ వైపే ఎక్కువగా ఉన్నట్టు నాకు అనిపిస్తున్నది. వెనుక నుంచి తీసిన ఫొటోలు రెండు జతచేశాను. గుణుపురంలో, జయపురంలో మీరు చూస్తున్న వాటితో పోల్చి చెప్పగలరు.